లాఘవం: కంపైలరులో ఒక వ్యాకరణ పాఠం



ఛందస్సు, సంధులు, ప్రబంధాల చుట్టూ తిరిగే ఈ పుటలో కంపైలరు అన్న మాట కనబడగానే, దారి తప్పి వేరొక చోటికి వచ్చామా అని మీలో కొందరికి అనిపించవచ్చును. దారి తప్పలేదు. ముప్పది మూడేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాడిని. ప్రోగ్రాములు వ్రాయడం నాకు చేతకాదు. అయితే ఒక సూత్రానికి విషయమేమిటి, ఏ సూత్రం దానిని ఎక్కడ అడ్డుకొంటున్నది, ఏదీ అందుకోని ప్రయోగం ఎక్కడైనా మిగిలిపోయినదా అని విచారించడం నా చదువులో భాగం. సరిగ్గా ఈ విచారణనే యంత్రం చేత చేయించే విద్య ఒకటున్నదని మా మేనల్లుని పుణ్యమా అని తెలిసింది. ఆ విద్యలో జరిగిన ఒక సరళీకరణను గురించి, సరళం అనే మాటను గురించి, నాకు తోచినది చెప్పడానికే ఈ టపా.

ముందుగా విషయం. కొన్ని ప్రోగ్రామింగ్ భాషలలో ‘ప్యాటర్న్ మ్యాచింగ్’ అనే సదుపాయమున్నది. చేతికి వచ్చిన విలువ ఏ నమూనాలో ఉన్నదో చూచి, ఆ నమూనాకు తగిన పని చేయడం దీని స్వభావం. బడి భాషలో చెబుతాను. మార్కులను బట్టి తరగతి నిర్ణయించే పట్టిక ఇది అనుకోండి:

0 నుండి 34 – తప్పినాడు
35 నుండి 49 – మూడవ తరగతి
50 నుండి 59 – రెండవ తరగతి
61 నుండి 100 – మొదటి తరగతి
75 నుండి 100 – డిస్టింక్షన్

పైనుండి క్రిందికి చదవాలి. విలువ ఏ వరుసకు మొదట తగిలితే ఆ వరుసదే తీర్పు. ఇక చూడండి. 60 మార్కులు వచ్చిన పిల్లవానికి ఈ పట్టికలో చోటు లేదు. 90 మార్కులు వచ్చిన పిల్లకు డిస్టింక్షన్ ఎన్నటికీ రాదు, ఎందుకంటే నాలుగవ వరుస ఆమెను ముందే పట్టుకొన్నది. మొదటిది ఖాళీ. రెండవది వ్యర్థమైన వరుస. మనిషి కన్ను అయిదు వరుసలలో వీటిని పట్టవచ్చును, అయిదు వందల వరుసలలో పట్టలేదు.

రస్ట్ అనే భాషకు ఈ పట్టికను ఇస్తే దాని కంపైలరు ఖాళీని దోషంగా లెక్కించి ప్రోగ్రామును ముందుకు కదలనివ్వదు. అంతేకాదు, ఖాళీ ఎక్కడున్నదో చూపుతుంది. మార్కులను 0 నుండి 255 వరకు పట్టే చిన్న సంఖ్యగా ప్రకటించి ఉంటే, ‘60 మిగిలిపోయినది, 101 నుండి 255 వరకు మిగిలిపోయినవి’ అని రెండింటినీ చెబుతుంది. వందకు మించి మార్కులు ఎవరికి వస్తాయని మనం నవ్వవచ్చును. యంత్రానికి ఆ నమ్మకం లేదు, ఉండకూడదు కూడా. వ్యర్థమైన వరుసకు మాత్రం హెచ్చరికతో సరిపెడుతుంది.

ఇక్కడ నాలోని పండితుడు ఆగిపోయినాడు. డిస్టింక్షన్ వరుసను మా శాస్త్రంలో ‘నిరవకాశం’ అంటారు, అనగా చరితార్థం కావడానికి చోటు లేని విధి. పాణినీయులు ఇటువంటి విధిని చూస్తే చచ్చినదని అనరు. చోటు లేదు కనుకనే దానికి బలమెక్కువ అంటారు. సామాన్యవిధి ఉత్సర్గం, దానిని బాధించేది అపవాదం. మనకు తెలిసిన సంధులనే చూడండి. అష్టాధ్యాయి ఆరవ అధ్యాయం మొదటి పాదంలో యణాదేశం 77వ సూత్రం, గుణం 87వది, సవర్ణదీర్ఘం 101వది. యణాదేశానికి పాణిని పెట్టిన షరతు, ఇ ఉ ఋ మొదలైన వాటికి ఏదైనా అచ్చు పరం కావడమే. ‘అసవర్ణాచ్చు’ అన్న విశేషణం బడిపుస్తకాలలో పిల్లల సౌకర్యం కోసం చేర్చినది. పై వరుసదే తీర్పు అనే నియమం ఇక్కడ పెడితే రవి, ఇంద్రుడు కలిసినచోట యణాదేశమే వచ్చి కూర్చుంటుంది. రామ, ఆలయం కలిసినచోట గుణం పట్టుకొంటుంది. సవర్ణదీర్ఘానికి ఒక్క ఉదాహరణ కూడా మిగలదు. రస్ట్ కంపైలరు చదివితే ‘101వ సూత్రం చేరరానిది’ అని హెచ్చరిక ఇస్తుంది! పాణినికి అపవాదం బలీయం, కంపైలరుకు స్థానం బలీయం. రెండూ సక్రమమైన పద్ధతులే. అయితే ఏ పద్ధతిలో ఉన్నామో తెలియకుండా సూత్రాలు వ్రాస్తే మాత్రం అనర్థం.

వ్యాఖ్యాతలకు మరొక అలవాటు కూడా ఉన్నది. సూత్రంలో ఒక పదం వ్యర్థంగా కనబడితే దానిని కొట్టివేయరు, అది ఏదో ఒక విషయాన్ని ‘జ్ఞాపనం’ చేస్తున్నదంటారు. కంపైలరు హెచ్చరికను నేను అట్లాగే చదువుతాను. డిస్టింక్షన్ వరుస వ్యర్థమైనదంటే, దానిని వ్రాసినవాని మనసులో అది మొదటి తరగతికి ముందు ఉండవలసినదని అర్థం. వ్యర్థత ఉద్దేశాన్ని పట్టిస్తున్నది.

ఇక కథ. ఈ విధంగా నమూనాలతో ప్రోగ్రాము వ్రాసే పద్ధతిని 1980లో ఎడిన్‌బరోలో వెలువడిన హోప్ వంటి భాషలు తీర్చిదిద్దినాయి. ఎమ్మెల్ కుటుంబపు భాషలు దానిని వ్యాప్తిలోకి తెచ్చినాయి. ఆ కుటుంబంలో ఫ్రాన్సు దేశపు ఇన్రియా సంస్థలో పెరిగిన శాఖ ఓకామెల్. రస్ట్ భాష మొట్టమొదటి కంపైలరును వ్రాసినది ఓకామెల్ లోనే. 2011లో రస్ట్ తన కంపైలరును తానే కంపైలు చేసుకొనే స్థితికి వచ్చింది, 2015 మే నెలలో దాని తొలి స్థిరరూపం వెలువడింది. ఆ పుట్టింటి నుండి తెచ్చుకొన్న సారెలో ఈ నమూనాల పరీక్ష కూడా ఒకటి.

పరీక్ష అంటే రెండు ప్రశ్నలు కదా. ఖాళీ ఉన్నదా? వ్యర్థమైన వరుస ఉన్నదా? చూడడానికి రెండూ వేరు. ఒకటి పట్టికలో లేనిదానిని గురించి, మరొకటి ఉన్నదానిని గురించి. రెండింటికి రెండు యంత్రాంగాలు కావాలని ఎవరికైనా తోస్తుంది. ఇన్రియాకు చెందిన లూక్ మరాంజే 2007లో ప్రకటించిన పత్రంలో రెండింటినీ ఒకే ప్రశ్నకు లోబరచిన తీరు నన్ను ముగ్ధుణ్ణి చేసింది. ఆ ప్రశ్న ఇది: ‘పైనున్న వరుసలు ఏవీ పట్టని విలువను ఒక్కదానినైనా ఈ వరుస పట్టగలదా?’ పట్టగలిగితే అది ప్రయోజకం, లేకుంటే వ్యర్థం. మరి ఖాళీ సంగతి? పట్టిక చివర ‘ఏదైనా సరే’ అనే వరుసను ఊహించి చేర్చండి. దానికి పైనున్న వరుసలను చూపి అదే ప్రశ్న అడగండి. ఆ ఊహావరుస వ్యర్థమైతే పట్టిక నిండుగా ఉన్నదని అర్థం. ప్రయోజకమైతే, దాని ప్రయోజనమేదో అదే ఖాళీ! తార్కికులు అవ్యాప్తి దోషం చూపేటప్పుడు లక్షణానికి అందని లక్ష్యాన్ని ఒకదానిని ఎదుట నిలబెడతారు కదా, ఇదీ అంతే.

ఆ ప్రశ్నకు సమాధానం కనుగొనే పద్ధతి కూడా చెబుతాను, కష్టమేమీ కాదు. రెండు గడుల పట్టిక తీసుకొందాం. మొదటి గడి హాజరు (ఉన్నది, లేదు), రెండవ గడి ఫలితం (ప్యాసు, ఫెయిలు).

ఉన్నది, ప్యాసు – పై తరగతికి
ఏదైనా, ఫెయిలు – మళ్ళీ అదే తరగతి

ఖాళీ ఉన్నదా? మొదటి గడి తీసుకోండి. హాజరు ‘ఉన్నది’ అనుకొంటే రెండు వరుసలూ నిలుస్తాయి, ఆ గడిని తీసివేస్తే మిగిలేవి ‘ప్యాసు’, ‘ఫెయిలు’. రెండూ ఉన్నాయి కనుక చింత లేదు. హాజరు ‘లేదు’ అనుకొంటే మొదటి వరుస రాలిపోతుంది, మిగిలేది ‘ఫెయిలు’ ఒక్కటే. ఇప్పుడు రెండవ గడిలో ‘ప్యాసు’ అనుకోండి. అదీ రాలిపోతుంది. గడులు అయిపోయినాయి, వరుస ఒక్కటీ మిగలలేదు. వచ్చిన దారినే వెనక్కు చదువుకొంటే ఖాళీ దొరుకుతుంది: హాజరు లేదు, ప్యాసు. హాజరు చాలకపోయినా పరీక్ష గట్టెక్కిన పిల్లవాడు! ప్రతి బడిలో ఏటా ఒకడుంటాడు, వానిని ఏమి చేయాలో ఏ సర్క్యులరులోనూ ఉండదు.

గడి వెంట గడి తీసివేయడం, గడులన్నీ అయిపోయిన తరువాత వరుస మిగిలినదా అని చూడడం. పద్ధతి అంతే. పదవ తరగతి విద్యార్థి కాగితం మీద చేయగలడు.

మరి కంపైలరులోని అసలు కోడు ఇంత సులువుగా ఉన్నదా అంటే, చాలాకాలం లేదు. భాష పెరిగేకొద్దీ నమూనాల రకాలు పెరిగినాయి. సంఖ్యల పరిధులు, జాబితాలు, ‘ఇది గాని అది గాని’ అనే వికల్పాలు, మరొకచోట ఉన్న విలువను చూపే రెఫరెన్సులు. పూర్ణసంఖ్యల విషయంలో 2019 ఫిబ్రవరి నాటి 1.33 వరకు, పరిధులన్నీ నిండుగా వ్రాసినా కంపైలరు ఒప్పుకొనేది కాదు, ‘మిగిలినవన్నీ’ అనే వరుస పెట్టవలసిందే. నమూనా లోపల ఎక్కడైనా వికల్పాన్ని పెట్టుకొనే వీలు 2021 జూన్ నాటి 1.53తో వచ్చింది. వచ్చిన ప్రతి కొత్త రకానికి ఒక ప్రత్యేక ఏర్పాటు చేసుకొంటూ పోతే కోడు ఎట్లా తయారవుతుందో వ్యాకరణం చదివినవారికి చెప్పనక్కరలేదు.

తరువాతి సంస్కరణలలో జరిగినవాటిలో మూడింటిని మాత్రం చెబుతాను. మొదటిది, అన్ని రకాల నమూనాలనూ ఒకే అచ్చులోనికి తేవడం. ప్రతి నమూనాకూ ఒక తల, దాని క్రింద కొన్ని అవయవాలు. సంఖ్య గాని జాబితా గాని రెఫరెన్సు గాని, ఆ తలకు, అవయవాలకు ఇమడవలసిందే. ఆ తరువాత పరీక్షకు రకాలతో పని లేదు. రెండవది, విలువలను గుంపులు చేయడం. మన మార్కుల పట్టికలో 256 విలువలున్నా, వరుసల సరిహద్దుల వద్ద కోస్తే గుంపులు ఏడే: 0–34, 35–49, 50–59, 60, 61–74, 75–100, 101–255. ఒక గుంపులోని విలువలన్నిటికీ గతి ఒకటే. ప్రత్యాహారాలు చదివినవారికి ఇది సుపరిచితమైన యుక్తి, అక్షరాలను విడివిడిగా చెప్పక ఒకే గతి గలవాటిని ఒక పేరుతో పిలవడం. మూడవది 2023లో జరిగింది. అంతకుముందు ప్రతి వరుసకూ దాని పై వరుసలతో పరీక్ష వేరుగా నడిపి, చివర ఊహావరుసకు మరొకసారి నడిపేవారు. ఇప్పుడు అన్ని వరుసలూ కలిసి ఒకే ప్రయాణం చేస్తాయి. గడులు అయిపోయిన ప్రతి మజిలీలోనూ అన్నిటికంటె పైన మిగిలిన వరుసకు ‘పనికివచ్చింది’ అని గుర్తు పడుతుంది. ఎవరూ మిగలని మజిలీ ఖాళీ. ప్రయాణం ముగిసేసరికి గుర్తు పడని వరుసలు వ్యర్థాలు. ఒకే నడకలో రెండు ఫలాలు.

ఆ ఏడాది చివర ఈ భాగాన్ని కంపైలరు నుండి వేరుచేసి స్వతంత్రమైన అంగంగా నిలబెట్టినారు. దాని ఫలితంగా, ప్రోగ్రాము వ్రాసేవారి ఎడిటరుకు సాయపడే రస్ట్ ఎనలైజర్ కూడా ఆ కోడునే వాడుకోగలిగింది. విడిగా తీసి వేరొకచోట నిలబెడితే నిలబడగలగడం సరళతకు ఒక గుర్తు. హాస్కెల్ భాషలోనూ ఇటువంటిదే జరిగింది. 2015లో ప్రతిపాదించిన పద్ధతి స్థానంలో, గ్రాఫ్, పేటన్ జోన్స్, స్కాట్ అనే ముగ్గురు 2020లో ‘లోయర్ యువర్ గార్డ్స్’ అనే పత్రం వెలువరించినారు. పైకి కనబడే నానావిధ నమూనాలను మొదట కొద్దిపాటి మూలరూపాలలోనికి దించి, విచారణ అంతా ఆ మూలరూపాల మీదనే నడపడం వారి మార్గం.

ఇక్కడ నా మాట ఒకటి. నేను ఉద్యోగంలో ఉన్న కాలంలో ‘సరళీకరణ’ అనే పేరుతో పాఠ్యపుస్తకాలు మారడం కొన్నిసార్లు చూచినాను. ప్రతిసారీ జరిగినది కత్తిరింపు. కష్టమైన సంధి తీసివేసి, దాని ఉదాహరణలు మాత్రం పద్యాలలో అట్లాగే వదిలేవారు. పిల్లవానికి సూత్రం లేదు, ప్రయోగం ఉన్నది. ఇది సంక్షేపం, సరళత కాదు. సంక్షేపం తరువాత పాత ప్రశ్నలు కొన్నిటికి సమాధానం ఉండదు. సరళత తరువాత పాత ప్రశ్నలన్నిటికీ సమాధానం ఉంటుంది, సమాధానం చెప్పే నోరు మాత్రం ఒకటే అవుతుంది. మన పెద్దలు లాఘవం అన్నది దీనినే.

సరళత హద్దు దాటి మోసం కాకూడదు కూడా. ఈ పరీక్ష స్వభావతః కఠినమైనదని, ఎన్‌పీ-కంప్లీట్ అనే తరగతికి చెందినదని శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చినారు. గడులు పెరిగేకొద్దీ దారులు చీలి, చెడ్డ పట్టికలు కొన్నిటికి విపరీతమైన కాలం పట్టవచ్చును. ఎంత చక్కగా వ్రాసినా ఆ కాఠిన్యం మాయం కాదు. వరుస పక్కన ‘ఇట్లా అయితేనే’ అనే షరతు ఉంటే ఆ షరతు నిజమవుతుందో లేదో కంపైలరు ఊహించదు, ఆ వరుస ఖాళీని పూడ్చినట్లు లెక్క కట్టదు. విలువే ఉండడానికి వీలులేని శూన్యరకాలకు వరుస వ్రాయనక్కరలేదనే సౌకర్యం 2024 అక్టోబరులో 1.82తో వచ్చింది. అదీ విలువ నేరుగా చేతిలో ఉన్నప్పుడే, రెఫరెన్సు చాటున ఉన్నప్పుడు కాదు. ఈ చిక్కులు విషయంలో ఉన్నవి, కోడు తెచ్చిపెట్టినవి కావు. వీటిని దాచిపెడితే కోడు పొట్టిదవుతుంది, సరళం కాదు. ఏ చిక్కు విషయానిది, ఏ చిక్కు మనం వేసినది అని విడదీయగలగడమే ఇందులోని పాండిత్యం.

మా మేనల్లుడు ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాడు. బీమా క్లెయిముల నియమాలు వ్రాసుకొనడానికి వారికి సొంతంగా చిన్న భాష ఒకటున్నది. దాని నియమాలలో ఖాళీలు వెదికే కోడు పదేండ్లుగా అతుకుల మీద అతుకులు పడి పెరిగింది. తేదీలకు ఒక పరీక్ష, మొత్తాలకు ఒక పరీక్ష, జాబితాలకు మరొకటి. నాలుగు నెలలు కూర్చొని మరాంజే మార్గంలో దానిని తిరగవ్రాసినాడు. మొన్న ఫోనులో అన్నాడు: “మామయ్యా, మీరు విన్నారు కనుక సరిపోయింది. మా పైవాళ్ళు ఈ నాలుగు నెలలూ ఏం చేశావని అడుగుతున్నారు. తీసేశానని చెప్పాలి. కొత్తగా చూపడానికి నా దగ్గర ఏమీ లేదు.” నడుస్తున్నదానిని ఎందుకు కదిలించావని కూడా అడిగారట.

వారి ప్రశ్న తేలికైనది కాదు. ఈ పరీక్ష తప్పితే చుట్టుప్రక్కల ఎవరికీ వినబడదు. ఉన్న ఖాళీని లేదని చెబితే, ఆ ఖాళీలో పడిన క్లెయిము ఎవరిదో, వారి ఇంట్లో రోగి ఎవరో మనకు తెలియదు. ఆ భయం న్యాయమైనదే. “నీ కొత్త కోడు పాతదాని పరీక్షలన్నిటికీ నిలిచిందా?” అని అడిగినాను. నిలిచిందన్నాడు. “పాతది చెప్పలేని ఖాళీ ఏదైనా చెప్పిందా?” కాసేపు మౌనం. రెండు చెప్పిందట. ఒకటి తేదీకీ మొత్తానికీ నడుమ ఉన్నదట. రెండు వేర్వేరు పరీక్షల మధ్య పడినది కనుక పదేండ్లుగా ఏ పరీక్షకూ కనబడలేదు.

“ఒరేయ్, అయితే తీసివేశానని చెప్పకు. ఆ రెండు క్లెయిములనూ కాగితం మీద వ్రాసి ముందు పెట్టు. ఫలానా తేదీ, ఫలానా మొత్తం, మన నియమాలు దీనికి ఏమి చెబుతున్నాయని అడుగు. తరువాత మాట వాళ్ళదే” అన్నాను. వచ్చే వారం సమావేశమున్నదట. ఏమవుతుందో నేను చెప్పలేను. నడిచేదానిని నడవనిమ్మనే వాదానికి ఎప్పుడూ ఓట్లు ఎక్కువ.

అన్నిటికంటె నాకు నచ్చినది ఈ కంపైలరు దిద్దే తీరు. ‘నీ పట్టిక తప్పు’ అని ఎర్రసిరాతో కొట్టివేసి ఊరుకోదు. ‘60 మార్కులు వచ్చినవాడు వచ్చి నిలబడినాడు, వానిని ఎక్కడ కూర్చోబెడతావు?’ అని అడుగుతుంది. ‘మిగిలినవన్నీ’ అనే వరుస ఒకటి చివర పడేస్తే ఆ నోరు మూయవచ్చును. కొన్నిచోట్ల అది అవసరమే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ‘బహుళం’ అనే మాట చేసే పని కూడా కొంతవరకు అదే, లోకవ్యవహారం సూత్రానికి పూర్తిగా లొంగదు కనుక. కాని నోరు మూయించిన తరువాత రేపు కొత్త రకం ఒకటి వచ్చి చేరినప్పుడు, దానికి చోటు లేదని మనకు చెప్పేవారు ఉండరు. అది నిశ్శబ్దంగా ‘మిగిలినవన్నీ’లో కలిసిపోతుంది.

సాంకేతిక విషయాలలో ఆరితేరినవారు మీలో అనేకులున్నారు. ‘ఎగ్జాస్టివ్‌నెస్’ అనే మాటకు నేను మనసులో ‘సమగ్రత’ అనీ, ‘యూస్‌ఫుల్‌నెస్’కు ‘ప్రయోజకత’ అనీ అనుకొంటున్నాను. ఇంతకంటె మంచి తెలుగు తోస్తే వ్యాఖ్యలో తెలియజేయగలరు. నా పట్టికలో మరొక ఖాళీ కనబడినా సరే.

స్వస్తి.